మర్మర్ అన్న మాట, మగ్గాలు నిలిచిన పూట

మెడలో గొట్టం

కొత్తగా స్టెతస్కోపు కొనుక్కున్న ప్రతి డాక్టరుకూ ఒక జబ్బు పట్టుకుంటుంది. దాన్ని మెడలో వేసుకొని బజారుకు పోవడం. నాకూ పట్టుకుంది. డెబ్బైల మొదట్లో ఆదోనిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, గొట్టం మెడలో వేలాడేసుకొని హోటల్లో ఉగ్గాని తింటూ కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర పత్తి వ్యాపారి ఒకాయన బజ్జీ నములుతూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా డాక్టరూ, తినేది అయినాక మాదీ ఒక రవ్వ ఇని పోరాదూ. యాడికీ పోము, ఈడనే ఉంటాం" అన్నాడు.

హోటలంతా నవ్వింది. ఆ రోజు నుంచి దాన్ని జేబులో పెట్టుకోవడం నేర్చుకున్నాను.

ఇప్పుడిప్పుడే వైద్యం చదువులో చేరినవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, పైవాళ్లతో తగవులు వదిలేస్తున్నాను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే, వినేవాడికి ఆవులింతలు తప్ప ఏమీ మిగలవు. నేను చేసిన పని ఏమిటని అడిగితే, ఎక్కువ భాగం వినడం అని చెబుతాను. రోగి చెప్పేది వినడం, రోగి వెంట వచ్చినవాళ్లు చెప్పనిది వినడం, చివరికి గొట్టం పెట్టి గుండెను వినడం. ఆ గొట్టంతోపాటు ఒక ఇంగ్లీషు మాట కూడా నా చేతికి వచ్చింది. మర్మర్. ఆ మాటకు అర్థం తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

గుండె కుదురుగా ఉంటే లబ్ డబ్ అని రెండు చప్పుళ్లు వినపడతాయి. లోపలి తలుపులు మూసుకునే చప్పుళ్లవి. వాటి నడుమ ఏ గురగురో బుసబుసో వినపడితే దానికి మర్మర్ అని పేరు. పుస్తకంలో ఇంతే ఉంటుంది. ఇది చదివి పరీక్ష పాసు కావచ్చు.

నోటితో చేసి చూపించు

ఆదోనిలో మా పెద్ద డాక్టరు ఆ ఊరివాడే. పొట్టి మనిషి, తెల్ల ప్యాంటు, చేతిలో ఎప్పుడూ ఒక తువ్వాలు. కేసు షీటులో మర్మర్ అని కనిపిస్తే చాలు, ఆ రాసినవాడి పని అయిపోయినట్టే. రోగి మంచం పక్కనే నిలబెట్టి అడిగేవాడు.

"మర్మర్ అని రాసినావు. యాడ వింటివి? ఎట్లుండె? నోటితో చేసి చూపించప్పా."

వార్డులో నర్సులుంటారు, రోగుల చుట్టాలుంటారు. వాళ్లందరి ముందు పట్టా పుచ్చుకున్న డాక్టరు బుగ్గలు పూరించి "హూఫ్, హూఫ్" అనాలి. మొదటిసారి నేను అన్నప్పుడు ఒక ముసలాయన మంచం మీద లేచి కూర్చొని, "ఆ డాక్టరుకు ఏమైందమ్మా?" అని నర్సును అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్ద డాక్టరు మాత్రం నవ్వలేదు. తాను గొట్టం పెట్టి విని, "తప్పు. మళ్లీ విను. అది మొదటి చప్పుడుకు అంటుకోని ఉంది. నువ్వు విడదీసి చెప్తాండావు" అన్నాడు. మళ్లీ విన్నాను. ఆయన చెప్పిందే నిజం.

ఈ కోతి చేష్టలు ఎందుకని ఒకరోజు టీ తాగేటప్పుడు ధైర్యం చేసి అడిగాను. ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఆ మాట పుట్టిందే నోటితో చేసి చూపించేదానికి. లాటిన్ వాళ్లు జనం గుంపుగా లోలోపల గొణుక్కుంటే దాన్ని మూర్ మూర్ అన్నారు. తేనెటీగల రొదకూ అదే, దూరంగా పారే నీళ్లకూ అదే. ఒక్క ముక్కను రెండుసార్లు అన్నారు, అంతే. అది ఫ్రెంచి వాళ్ల నోట్లో పడి ఇంగ్లీషుకు వచ్చినాది. గుండెను వినబట్టినాక ఆ చప్పుడుకు పేరు కావాల్సి వచ్చి డాక్టర్లు దాన్నే పట్టుకున్నారు. అది జబ్బు పేరు కాదు, చప్పుడు పేరు. చప్పుడు వినకుండా పేరు రాస్తే ఏం రాసినట్టు?"

జబ్బు పేరు కాదు, చప్పుడు పేరు. ఈ తేడా తెలియక నలిగిపోయిన ఇళ్లు నేను చాలా చూశాను. ధాన్యం వ్యాపారి ఒకాయన కాలేజీ చదివే కొడుకును తీసుకొచ్చాడు. ఎవరో డాక్టరు మర్మర్ అని చీటీ మీద రాశాడట. అప్పటి నుంచి ఆ పిల్లవాడిని సైకిలు తొక్కనివ్వలేదు, ఆటకు పంపలేదు, మేడ మెట్లు ఎక్కనివ్వలేదు. వాడు ఇంట్లో కూర్చొని కూర్చొని బొద్దుగా, దిగులుగా తయారయ్యాడు. పెద్ద డాక్టరు వాణ్ని విన్నాడు. డాబా మీదికి పరుగెత్తి దిగి రమ్మన్నాడు. తండ్రి గుండె పట్టుకొని నిలబడ్డాడు. కొడుకు దిగి వచ్చాక మళ్లీ విని, గుండె భేషుగ్గా ఉందని చెప్పాడు.

"మరి మర్మర్ అని రాసినారు కదా సార్?"

"ఉంది. లేదనలేదు. పడుచు గుండెల్లో రక్తం జోరుగా పోయేటప్పుడు అట్ల వినపడేది కద్దు. మీ దుకాణంలో మూటలు దించితే చప్పుడు రాదా? దానికి మందు పోస్తారా?"

వ్యాపారి కొడుకు వైపు చూశాడు. ఆ కొడుకు మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. వాడికి కోపం వచ్చింది. ఒక్క మాట వాడి ఆటలన్నీ మింగేసింది మరి.

బట్టకూ ఆకుకూ

మంత్రాలయం దగ్గరి పల్లెలో సంస్కృతం చెప్పే ఆచార్యులు ఒకాయన మోకాళ్ల నొప్పులకు మా వార్డులో కొన్నాళ్లున్నారు. మా నోటి విద్యంతా మంచం మీద నుంచి చూసేవారు. ఒక ఉదయం నన్ను దగ్గరికి పిలిచారు.

"మీరు రోజూ అంటున్నారే, మర్మర్ అని. అదేమిటి నాయనా?"

చెప్పాను.

"ఆ మాట మా చదువులోనూ ఉంది. మర్మరం. కొత్త బట్ట కదిలితే వచ్చే చప్పుడు, ఎండుటాకులు ఒకదానికొకటి రాసుకుంటే వచ్చే చప్పుడు. ఈ రెండింటికీ ఆ పేరు. మనిషి మాటకు కాదు, గుండెకు కాదు."

నాకు ఉత్సాహం వచ్చింది. అయితే ఇంగ్లీషు వాళ్లు మన దగ్గరే తీసుకున్నారన్నమాట అని అనేశాను. ఎవరైనా అలాగే అంటారు కదా, అన్నీ మన దగ్గరే ఉన్నాయని. ఆచార్యులు నవ్వి తల అడ్డంగా ఊపారు.

"తొందరపడకండి. ఈ భాషలన్నీ ఒకప్పుడు అన్నదమ్ములే అంటారు పెద్దలు, కావచ్చు. లేదా ఎవరికి వాళ్లే విని ఉండవచ్చు. మనకు గుసగుస లేదా? జలజల, గలగల లేవా? అవి ఎవరిస్తే వచ్చాయి? చెవి విన్నది, నోరు తిప్పి పలికింది. ఒకసారి పలికితే చప్పుడు, రెండుసార్లు పలికితే అది ఆగకుండా సాగుతున్నట్టు."

ఆ మాట నాకు బాగా నచ్చింది. గుసగుస అన్నప్పుడు మనం ఒక్క గుసతో సరిపెట్టం. ఆగకుండా వస్తున్నదాన్ని ఆగకుండా వస్తున్నట్టే చెబుతాం. మర్మర్ కూడా మన గుసగుస లాంటి పల్లెటూరి మాటే, కోటూ బూటూ తొడుక్కుంది కాబట్టి మనం దాన్ని చూసి భయపడుతున్నాం. ఆ తర్వాత రోగులకు చెప్పేటప్పుడు నేను ఆ ఇంగ్లీషు మాట మానేశాను. గుండెలో గురగుర వినపడుతోంది, ఎందుకో చూద్దాం అనేవాణ్ని. గురగుర అంటే ఎవరూ బెదరరు. వాళ్ల కడుపుల్లోనూ పిల్లుల్లోనూ ఉన్నదే కదా.

ఆ ఆచార్యులు చెప్పినదాంట్లో బట్ట చప్పుడు కూడా ఉందన్న సంగతి నేను అప్పుడు పట్టించుకోలేదు. బట్ట నేసే ఊరికి అప్పటికింకా నాకు బదిలీ కాలేదు.

ఎమ్మిగనూరులో

డెబ్బైల చివర్లో ఎమ్మిగనూరు వచ్చాను. అద్దెకు దిగిన ఇంటి వెనకే నేతగాళ్ల వీధి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, ప్రతి ఇంట్లో గుంట మగ్గం. నేతగాడు గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చొని దారం చుట్టిన నాడెను అటూ ఇటూ విసురుతూ ఉంటే పుట్టే టకటక, పొద్దు పొడిచింది మొదలు వీధి పొడుగునా ఒకటే. మొదట్లో తల దిమ్మెక్కింది. తర్వాత వినపడడమే మానేసింది.

ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయే వేళకు ఈరన్న అనే నేతగాడు వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయి. చేతుల మీద ఇంకా గంజి ఆరలేదు.

"సార్, మా ఇంటామెకు ఊపిరి ఆడల్లేదు. పండుకుంటే దగ్గు. కూసుంటే రవ్వంత నయం."

ఆరో నెల కడుపు అని చెప్పాడు. ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదని అడిగాను.

"మా యమ్మ ఒప్పుకోలే సార్. మీరే ఒకసారి వస్తే ఆమె ఏమీ అనదు."

ఈరన్న తల్లి బసమ్మ గడపలోనే ఎదురైంది. చిన్న మనిషి, పెద్ద గొంతు.

"కడుపుతో ఉన్నోళ్లకు ఆయాసం రాదా సార్? నాకూ వచ్చినాది. అందర్నీ ఈ మగ్గం ఎనకాల గదిలోనే కన్యా. ఏ ఆసుపత్రి మొగమూ సూడలే. దీనికి బలం మందు ఏమన్నా ఉంటే రాసిపోండి."

కోడలు నీలమ్మ నూలు మూటలకు ఆనుకొని కూర్చుంది. మాట పూర్తి చేయడానికి మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తోంది. బుగ్గలు రెండూ కందినట్టు ఎర్రగా ఉన్నాయి. అత్తగారు దాన్ని కడుపుతో ఉన్న కళ అనుకుంటోంది. నాకు ఆ ఎరుపు నచ్చలేదు. చిన్నప్పుడు ఎప్పుడైనా కీళ్లు వాచాయా అని నీలమ్మను అడిగాను. ఆమె పుట్టిల్లు పత్తికొండ పక్క. గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాక మోకాళ్లు, మోచేతులు ఒకదాని తర్వాత ఒకటి వాచాయని, తల్లి ఆముదపు ఆకులు కట్టేదని, కొన్నాళ్లకు తగ్గిపోయిందని చెప్పింది. కీళ్లకు తగ్గిపోతుంది, నిజమే. ఆ జ్వరం కీళ్లను వదిలి గుండెను పట్టుకుంటుంది.

ఆమె ఎడమ రొమ్ము కింద అరచేయి పెట్టాను. మొదటి చప్పుడు వినకముందే చేతికి తగిలింది. ఇక నాకు కావలసింది ఒక్కటే, ఆ గురగుర. అది ఉంటే గుండెలోపలి ఒక తలుపు సగం మూసుకుపోయి బిగుసుకున్నట్టు. నొప్పుల వేళ అలాంటి గుండె తట్టుకోలేదు. మగ్గం వెనక గదిలో కాన్పు అంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. అది లేకపోతే మాత్రం, రక్తం పలచబడి వచ్చిన ఆయాసమే అనుకొని మందులిచ్చి చూడవచ్చు. ఊహతో చెబితే బసమ్మ వినే మనిషి కాదు. నాకు ఖాయంగా తెలియాలి.

గొట్టం పెట్టాను. టకటక టకటక. ఈరన్న తమ్ముడి మగ్గం ముందు గదిలో, పక్కిళ్ల మగ్గాలు రెండు గోడల అవతల. గుంట మగ్గాలు కావడంతో చప్పుడు నేలలోంచి నూలు మూటల్లోకి, మూటల్లోంచి ఆమె ఒంట్లోకి వస్తోంది. నేను వినాలనుకున్నది గుండె చప్పుళ్లన్నింట్లోకీ లోగొంతుకది.

"ఈరన్నా, మీ తమ్ముణ్ని కాసేపు నేయడం ఆపమను. అటూ ఇటూ ఇళ్లవాళ్లనూ ఆపమను."

ఈరన్న కదల్లేదు. "మా ఇంట్లోది నిలుపుతాం సార్. పక్కిండ్లది వద్దు."

"ఎందుకు వద్దు?"

"అట్ల నిల్పకూడదు సార్."

నాకు ఒళ్లు మండింది. "నీకు మగ్గం ముఖ్యమా, పెండ్లాం ముఖ్యమా?" అన్నాను. అతను తల దించుకొని బయటికి పోయాడు. ముందు గదిలో నాడె ఆగింది. కుడి గోడ ఆగింది, ఎడమ గోడ ఆగింది. నేను నీలమ్మను ఎడమ పక్కకు కాస్త ఒరిగించి కళ్లు మూసుకున్నాను.

వినపడింది. గట్టిగా తట్టినట్టు మొదటి చప్పుడు, తర్వాత రెండోది, దాని వెంటే ఒక చిన్న టక్కు, ఆ వెనక ఎవరో దూరపు ఇంట్లో తిరగలి తిప్పుతున్నట్టు గురగుర. మా పెద్ద డాక్టరు ఎదురుగా ఉంటే నోటితో చేసి చూపించి ఉండేవాణ్ని. అనుమానం లేదు. తలుపు బిగుసుకుపోయింది.

గొట్టం చెవుల్లోంచి తీశాను. అప్పుడు తెలిసింది, నాకు ఏ చప్పుడూ వినపడడం లేదని. నేను ఆపమన్నది అటూ ఇటూ ఇళ్లనే. వీధి వీధంతా నిలిచిపోయింది.

నీలమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఈదంతా నిల్పినారు. నాకేనా సార్?"

నాకు అర్థం కాలేదు. గడపలోకి చూశాను. వాకిట్లో జనం. మగవాళ్లు తలగుడ్డలు తీసి చేత్తో పట్టుకున్నారు. ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అప్పుడే గొంతు ఎత్తబోతోంది. ఈరన్న నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పాడు.

"మా ఈదిలో పట్టపగలు మగ్గం నిలిచిందంటే సావు సార్. పక్కింట్లో నిలిస్తే ఎందుకని ఎవరూ అడగరు, వాళ్లూ నిలుపుతారు. అట్ల కడదాకా పోతాది. అడిగేదానికి ఎవరికి నోరొస్తాది?"

కబురు చెప్పే మనిషి అక్కర్లేని వీధి అది. చావు కబురు నిశ్శబ్దంగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచిపోతుంది. నీలమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చాక ఆ నిశ్శబ్దాన్ని ఎన్నోసార్లు విని ఉంటుంది. ఈసారి తన గుండె మీద గొట్టం ఉండగా విన్నది. డాక్టరు ఏదో కనిపెట్టాడని, తనకు చెప్పకుండా బయటివాళ్లకు చెప్పాడని అనుకుంది.

భయపడిన గుండె పరుగెత్తుతుంది. మామూలు గుండె పరుగెత్తితే ఏమీ కాదు. తలుపు బిగుసుకున్న గుండె పరుగెత్తితే రక్తం దాటడానికి వ్యవధి ఉండదు, వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నిండుతుంది. నా కళ్ల ముందే నీలమ్మ దగ్గు మారింది. పెదవుల దగ్గర లేత ఎరుపు నురగ కనపడింది. ఆమెను నూలు మూట మీద నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడేయించాను. సంచిలోంచి ఒంట్లో నీరు లాగే ఇంజెక్షను తీసి నరానికి ఇచ్చాను. ఏమీ కాదు, ఏమీ కాదు అని చెబుతూనే ఉన్నాను. ఆమె నన్ను చూడడం లేదు. వాకిట్లో తలగుడ్డలు తీసిన మనుషుల్ని చూస్తోంది.

బసమ్మ గడప మీద నిలబడింది.

"నా కోడలు బతికే ఉంది. డాక్టరు గుండె ఇనేదానికి నిల్పమన్యాడు, అంతే. పోండప్పా, పోయి మగ్గాలు ఆడించుకోండి."

ఎవరూ కదల్లేదు. ఒక పెద్దాయన మాత్రం అన్నాడు: "నిలిచింది మీ ఇంట్లో బసమ్మా. ముందు మీ ఇంట్లో ఆడాల. మేం ముందుగా ఎట్ల ఆడిస్తాం?"

అదీ ఆ వీధి పద్ధతే. దుఃఖం వచ్చిన ఇంటి మగ్గం ఆడాకే మిగతావి ఆడాలి. ఈరన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. పక్క గదిలో భార్య ఊపిరి కోసం పోట్లాడుతుంటే అతను వెళ్లి గుంటలో కూర్చున్నాడు. నాడె విసిరాడు. దారం తెగింది. ముడి వేశాడు. మళ్లీ తెగింది. మళ్లీ వేశాడు. అతని ముక్కు మీదుగా కన్నీళ్లు బట్ట మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. కాసేపటికి టకటక కుదిరింది. కుడి గోడ అందుకుంది. ఎడమ గోడ అందుకుంది. తర్వాత ఆ చప్పుడు ఒక్కో ఇల్లే పట్టుకుంటూ వీధి చివరికి పోయింది.

నీలమ్మ కళ్లు మూసుకొని విన్నది. నా మణికట్టు మీద పట్టు కొద్దికొద్దిగా వదులైంది. నాడి దిగుతూ వచ్చింది. నురగ తగ్గింది. ఇంజెక్షను పని చేసిందనే పుస్తకాలు చెబుతాయి, నేనూ కాదనను. అయితే అందులో మగ్గాలు చేసింది ఎంత, మందు చేసింది ఎంత అని ఎవరైనా అడిగితే నేను విడదీసి చెప్పలేను.

ఆమె కాస్త తేరుకున్నాక బసమ్మకు అంతా చెప్పాలని నోరు తెరిచాను. కాన్పు ఇంట్లో కుదరదు, కర్నూలు పెద్దాసుపత్రికి ఈరోజే పోవాలి, అక్కడే మంచం మీద నెలలు గడపాలి అని. ఆమె వినిపించుకోలేదు. అప్పటికే కోడలి చీరలు మూట కడుతోంది.

"మీరే కదమ్మా ఆసుపత్రి వద్దన్నారు" అన్నాను.

"ఈది ఒకసారి నా కోడలికి మగ్గం నిలిపినాది. ఇంగోసారి నిల్పనియ్యను" అంది.

వినేముందు

ఈ కాలం పిల్లలు గుండెను వినకుండానే ఎకో యంత్రం దగ్గరికి పంపుతారని నా తోటివాళ్లు సణుగుతుంటారు. ఆ సణుగుడులో నేను కలవను. ఆ యంత్రం నా చెవి కన్నా మేలు. నేను కళ్లు మూసుకొని ఊహించిన తలుపును అది తెర మీద బొమ్మలాగా చూపిస్తుంది. ఎకో అన్నా కొట్టి వెనక్కి వచ్చిన చప్పుడే, అది కూడా వినడమే. నా బాధ వేరు. యంత్రం దగ్గరికి ఎవర్ని పంపాలో ముందు మీ చెవి చెప్పాలి. చెవి చెప్పాలంటే అది పని చేస్తూ ఉండాలి. పైగా యంత్రం దాకా పోవడానికి ఇష్టపడని బసమ్మలు ఇప్పటికీ ఉన్నారు, ఆ గడపలో నిలబడేది మీరే.

ఇంకొకటి. రోగి గుండె వినేముందు, ఆ రోగి చెవికి ఏ చప్పుడు అలవాటో కనుక్కోండి. నాకు అది ఎవరూ చెప్పలేదు. చెప్పబోయిన ఒక్క మనిషి నోరు నేను నొక్కేశాను. ఆపమన్నది నేను, ఎందుకు ఆపకూడదో తెలిసినవాడు ఈరన్న. డాక్టరు అడిగినప్పుడు "అట్ల చేయకూడదు సార్" అని ఎవరైనా అంటే, ఒక నిమిషం ఆగి ఎందుకని మెత్తగా అడగండి. నిమిషం ఆగితే మన చదువేమీ కరిగిపోదు.

నీలమ్మ కర్నూలులోనే నెలలు నిండే దాకా ఉంది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా నిలిచారు. బిడ్డ కాస్త పెద్దదయ్యాక హైదరాబాదులో ఆమె గుండెకు ఆపరేషను జరిగింది. ఆ రోజుల్లో సర్జను గుండెలోకి వేలు పోనిచ్చి, చూడకుండా, తడుముకుంటూ ఆ తలుపును విడదీసేవాడు. బసమ్మ ఆసుపత్రి వరండాలో చాప పరుచుకొని అన్నాళ్లూ అక్కడే ఉందని ఈరన్న చెప్పాడు.

తిరిగి వచ్చాక నీలమ్మ నా దగ్గరికి చూపించుకోవడానికి వచ్చింది. బుగ్గల మీద ఎరుపు లేదు. మాట మధ్యలో ఆగడం లేదు. బిడ్డ నా బల్ల మీది గొట్టాన్ని లాగుతోంది. నేను దాన్ని విడిపించుకొని నీలమ్మ గుండె విన్నాను. గురగుర చాలా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. అలాంటి ఆపరేషను తర్వాత అంతకన్నా ఎక్కువ ఆశించకూడదు. ఆమెతో ఏమని చెప్పాలా అని నేను లోపల తర్జనభర్జన పడుతుంటే ఆమే అడిగింది.

"సప్పుడు పోయినాదా సార్?"

"తగ్గింది. కొంచెం ఉంది" అన్నాను.

ఆమె బిడ్డను చంకనేసుకుంది.

"ఉండనీ సార్. సప్పుడు నిలిస్తేనే కదా మాకు భయం" అని, నూలు కండెలు చుట్టాల్సినవి చాలా ఉన్నాయంటూ లేచి పోయింది.